అక్షరనియమము – పదాన్వేషణము

పదమునందలి యక్షరముల సంఖ్యయు, అందలి యొకానొక యక్షరమును, ఆ యక్షర ముండవలసిన తావును ముందే నిర్ణయింపఁబడి, ఆ నియమమునకు లోఁబడిన పదమును వెదకుట నేఁటి పత్రికలలోని వినోదక్రీడలకు మాత్రమే చెల్లిన పని యని తలంచుట పొరపాటు. ఐదక్షరముల యాంగ్లపద మొకటి కావలెను, అందు మూఁడవది ఫలానా యక్షరము కావలెను అని నేఁడు బాలురు మొదలుకొని వృద్ధులవఱకు వెదకుచున్నారు. తెలుఁగుకవి యీ పనిని వేయేండ్లకు మించి చేయుచున్నాఁడు. ఆంగ్లేయులకిది క్రీడ; తెలుఁగువారికిది ఛందస్సు. క్రీడయందుఁ దప్పినచో నొక గడి చెడును. ఛందస్సునందుఁ దప్పినచోఁ బద్యమే చెడును. ఇంతియకాదు. శిథిలమైన శాసనమునందును, పురుగులు తిన్న తాళపత్రమునందును బూర్వుల మాట యేదియో నిశ్చయించుటకు సయిత మీ యన్వేషణమే యాధారము.

తెనాలి, బాపట్ల, రేపల్లె యను మూఁడు పట్టణములనడుమ నున్న కృష్ణాడెల్టాభూమి యీ చరిత్రమునకుఁ జక్కని సాక్ష్యముల నిచ్చుచున్నది. తెలుఁగునాఁట దొరకిన మిక్కిలి ప్రాచీనలేఖనములలోఁ గొన్ని యీ సీమలోనివి. రామకృష్ణకవి యింటిపేరుగా వెలసిన తెనాలి యీ సీమలోనిది. అవధానవిద్యకుఁ బ్రసిద్ధి కెక్కిన గుంటూరుమండల మీ సీమను గూడ నిముడ్చుకొని యుండెను. కాఁబట్టి యీ సీమను గేంద్రముగాఁ జేసికొని మూఁడు విషయములను విచారింపవలసియున్నది. ఎంచవలసిన యక్షర మనఁగా నేది? అక్షరనియమమునకు లోఁబడిన పదమును మన పూర్వు లెట్లు వెదకిరి? అట్లు దొరకిన పదము నెంతవఱకు నమ్మవచ్చును?

అక్షరస్వరూపము – భట్టిప్రోలు సాక్ష్యము

తెనాలినుండి రేపల్లెకుఁ బోవు రైలుమార్గమున భట్టిప్రోలు గ్రామము కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదిని నూతనమండలము లేర్పడినపు డీ గ్రామము రేపల్లెతోపాటు బాపట్లమండలమునఁ జేరినది. తెనాలి గుంటూరుమండలముననే నిలిచినది. భట్టిప్రోలున బౌద్ధస్తూపశిథిలములు కలవు. 1892లో అలెగ్జాండర్ రీ దొర యీ దిబ్బను ద్రవ్వించినపుడు స్తూపగర్భమున మూఁడు ఱాతికరండములు బయల్పడెను. వానిపైఁ బ్రాకృతభాషలో లేఖనములు చెక్కఁబడియున్నవి. కరండములను నిలిపిన గోష్ఠీజనుల పేళ్లును, కుబిరకుఁడను రాజు పేరును అందుఁ గానవచ్చుచున్నవి. జర్మనుపండితుఁడగు బ్యూలరు వీనిని జదివి ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమునఁ బ్రకటించెను. ఇవి క్రీస్తునకు బూర్వము మూఁడవశతాబ్దమువని కొందఱును, రెండవశతాబ్దమువని కొందఱును దలంచుచున్నారు.

ఈ లేఖనములలోని లిపి యశోకుని బ్రాహ్మీలిపికి సోదరియేకాని, కొన్ని యక్షరముల రూపమున వేఱుపడియున్నది. మకారము తలక్రిందుగా నుండుట యిందులకొక గుఱుతు. అంతకంటె ముఖ్యమగు భేద మచ్చులను దెలుపు పద్ధతియందుఁ గలదు. అశోకుని లిపిలో హల్లుగుఱుతునకు వేఱొక గీఁత చేర్పకున్నను దానియం దకార మున్నట్లే చదువవలెను. భట్టిప్రోలులేఖకుఁ డట్లుగాక, అకారమును దెలుపుటకు హల్లునకుఁ బ్రక్క నొక గీఁతను జేర్చెను. ఆకారమును దెలుపుటకు ఆ గీఁతను క్రిందికి వంచెను. దీనివలన గీఁత లేని గుఱుతు శుద్ధహల్లును దెలుపుట కవకాశ మేర్పడును.

ఈ పద్ధతి తర్వాతి లేఖనములలో నిలువలేదు. నేఁటి తెలుఁగులిపియందలి తలకట్టున కిదియే మూలమని చెప్పుటకు వీలులేదు. తలకట్టు తర్వాతి శతాబ్దముల లిపులలో నక్షరముల తలలపైఁ జేర్చిన గుఱుతునుండి క్రమముగా నేర్పడినది. అయినను భట్టిప్రోలులేఖకుని గీఁత యొక సంగతిని వెల్లడించుచున్నది. హల్లెక్కడ ముగియును, అచ్చెక్కడ మొదలగును, రెండును గలసి యొక్కటియా, రెండా యను ప్రశ్న రెండువేలయేండ్లకు బూర్వమే యీ సీమలో నొక లేఖకుని మనస్సునఁ బొడమినది. అక్షరముల నెంచి పదమును వెదకువారికి మొట్టమొదట నెదురగు ప్రశ్నయు నిదియే.

తెలుఁగు లాక్షణికులు దీనికిఁ దేటయైన సమాధానము నిచ్చిరి. అచ్చుతోఁ గూడిన హల్లొక్కటి యైనను, రెండయినను, మూఁడయినను ఛందస్సున నొక్క యక్షరమే. 'స్త్రీ' యనునది యొక్క యక్షరము. ఆంగ్లమున నియ్యదియే మాటను వ్రాసినచో నాలుగైదు గుఱుతులు కావలెను. కాఁబట్టి యైదక్షరముల యాంగ్లపదమును, ఐదక్షరముల తెలుఁగుపదమును సమానములు కావు. ఒకచోఁ గన్నును, ఒకచోఁ జెవియు లెక్కపెట్టుచున్నవి.

ప్రాసము – రెండవయక్షరపు నిర్బంధము

ఇంగ్లీషుపద్యమునకు నలంకారమైన యంత్యప్రాసము పాదము చివరఁ బడును. తెలుఁగుప్రాసము పాదము మొదట రెండవయక్షరమునఁ బడును. వృత్తములందును గందమందును నాలుగుపాదములలోని రెండవయక్షరమున నొకే హల్లుండవలెను. దానిపై నచ్చు మాఱవచ్చును, హల్లు మాఱరాదు. సంయుక్తాక్షర మైనచో నా సంయోగ మంతయు నన్నిపాదములందు నుండవలెను. పూర్ణబిందువు ముందున్నచో నన్నింటను నుండవలెను. ఇది చాలదన్నట్లు, ప్రాసమునకు ముందున్న యక్షరము మొదటిపాదమున గురువైనచో నన్నింటను గురువును, లఘువైనచో నన్నింటను లఘువును గావలెను.

ఈ నియమము పదాన్వేషణము నెట్లు మార్చునో యుదాహరణముతోఁ జూడవలెను. ఉత్పలమాల పాదమున కిరువదియక్షరములు. అది భగణముతో, అనఁగా నొక గురువు రెండు లఘువులతో మొదలగును. యతిస్థానము పదవయక్షరము. మొదటిపాదము 'పట్టణ' యని యారంభమైనచోఁ దక్కిన మూఁడుపాదములకును రెండవయక్షరమున 'ట్ట' సంయోగము గలిగి, మూఁడవది లఘువైన పదములు కావలెను. 'మెట్టల', 'గట్టున', 'చెట్టుకు', 'పుట్టిన' మున్నగునవి యిందులకుఁ దగును. శార్దూలవిక్రీడితము మగణముతో మొదలగుటచే 'చుట్టంబుల్' వంటి మూఁడు గురువుల పదము వలయును. చంపకమాల నగణముతో మొదలగును. అందు మొదటియక్షరము లఘువై యుండవలెను. 'ట్ట' పైనున్నచో నది గురువగును. కావునఁ జంపకమాలకు 'ట్ట' ప్రాస మసాధ్యము. ఒక్క హల్లు నెన్నుకొన్న క్షణమున కవి యే వృత్తములను వ్రాయఁగలఁడో, దేనిని వ్రాయలేఁడో యేర్పడుచున్నది.

కావుననే తెలుఁగుకవికిఁ బదములు మనస్సున నర్థక్రమమున మాత్రమే గాక రెండవయక్షరపు క్రమమునను నమరియుండవలెను. భాషయం దేయే హల్లులు రెండవస్థానమున విరివిగా దొరకునో, యేవి దొరకవో యెఱిఁగినవాఁడే సులువైన ప్రాసమును గట్టును. సాహసియగు కవి యరుదైన ప్రాసమును బట్టి నాలుగుపాదములను నడిపి మెప్పు వడయును. సీసమునకును, తేటగీతి యాటవెలఁదులకును బ్రాసనియమము లేకుండుట యీ నిర్బంధమునుండి కవికి దొరకిన విరామము.

నిఘంటువులు – తల క్రమము, తోఁక క్రమము

కావలసిన యక్షరము గల పదమును వెదకుటకుఁ దగిన గ్రంథములు పూర్వము లేకపోలేదు. సంస్కృతమున అమరకోశము వస్తువర్గములను బట్టి కూర్పఁబడినను, అందలి నానార్థవర్గము మాత్రము పదాంతమందలి హల్లును బట్టి కాంతములు, ఖాంతములు అను క్రమమున నున్నది. క్రీస్తుశకము పదునొకండవశతాబ్దమువాఁడగు యాదవప్రకాశుఁడు తన వైజయంతీకోశమున రెండక్షరముల పదములకు వేఱొక కాండమును, మూఁడక్షరముల పదములకు వేఱొక కాండమును ఏర్పఱచెను. 1111లో మహేశ్వరుఁడు రచించిన విశ్వప్రకాశకోశమునందు మొదట నంత్యమగు హల్లును, దానిలోపల నక్షరసంఖ్యయును గ్రమముగా నమర్పఁబడినవి. మేదినీకోశమును నీ మార్గముననే నడచినది. 'కకారాంతమై మూఁడక్షరములు గల మాట' యేదో చూడఁగోరువాఁడు తిన్నగా నా తావునకుఁ బోవచ్చును. నేఁడు యంత్రముల సాయమున జరుగు వెదకులాటను భారతదేశపు కోశకారులు తొమ్మిదివందలయేండ్లకు బూర్వమే తాళపత్రములపై సుకరము చేసిరని చెప్పవచ్చును. ఇంగ్లండున జాన్ వాకరు పదాంతక్రమమునఁ గూర్చిన ప్రాసనిఘంటువు 1775లోఁ బ్రకటితమైనది.

తెలుఁగున నాశ్చర్యకరమగు లోపము కనఁబడుచున్నది. పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహము దేవ, మానవ, స్థావర, తిర్యఙ్నానార్థవర్గములుగా విభక్తమై పద్యములలో నడచినది. పద్యములఁ గంఠస్థము చేసి పర్యాయపదములను జ్ఞప్తికిఁ దెచ్చుకొనుట కిది తగును. ఫలానా రెండవయక్షరము గల పదమును వెదకుటకుఁ దగదు. కృష్ణానది కావలియొడ్డున మచిలీపట్టణమున మామిడి వెంకయ్య కూర్చిన యాంధ్రదీపిక యకారాదిక్రమమున వెలసిన తొలి తెలుఁగునిఘంటువు. 1852నాఁటి బ్రౌనుదొర నిఘంటువును, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును, 1936నుండి సంపుటములుగా వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును నా మార్గముననే నడచినవి. ఇవి యన్నియుఁ బదము తలను బట్టుకొన్నవారికి దారి చూపును. తెలుఁగుకవికిఁ గావలసినది తల కాదు. తల ప్రక్కనున్న రెండవయక్షరము. ఆ క్రమమునకుఁ గవి ధారణయే నిఘంటువు. గురువునొద్ద వేలకొలఁది పద్యములు వల్లించిన విద్యార్థికిఁ బ్రాసక్రమము తనంతఁ దానే మనస్సున నమరెడిది. ఆ వల్లెవేయుట తగ్గిననాఁడు ఆ నిఘంటువును మూఁతపడినది.

శకటరేఫము – ఒక యక్షరము గల పదముల పట్టిక

ఒక్క విషయమున మాత్రము తెలుఁగులాక్షణికులు 'ఈ యక్షరము గల పదము లివి' యని పట్టికలు వ్రాయక తప్పలేదు. అది శకటరేఫ మనఁబడు ఱకారము. రేఫమును ఱకారమును బూర్వము వేఱువేఱు ధ్వనులు. 'వేరు' చెట్టునకుఁ గలది, 'వేఱు' భిన్నమైనది. 'నీరు' త్రాగునది, 'నీఱు' బూడిద. 'ఏరు' నాఁగలి కట్టునది; 'ఏఱు' పాఱునది. అఱవమున నీ భేదము నేఁటికిని వ్రాఁతయందు నిలిచియున్నది. నన్నయాదులు ప్రాసమున రేఫమును ఱకారముతోఁ గలుపలేదు.

కాలక్రమమునఁ బలుకుబడియందు రెండును నొక్కటయ్యెను. చెవి భేదమును గుర్తింపలేని నాఁడు కవికి దారి చూపువారెవరు? అప్పుడు పట్టిక యావశ్యకమయ్యెను. పూర్వము గుంటూరుమండలపు పడమటిభాగముగా నుండిన పలనాటఁ గామేపల్లియందుండి 1656 ప్రాంతమున అప్పకవీయమును రచించిన కాకునూరి యప్పకవి, యతిప్రాసములతోపాటు శకటరేఫార్ధబిందువుల నిర్ణయమునకును జోటిచ్చెను. పదునెనిమిదవశతాబ్దమున సర్వలక్షణసారసంగ్రహకర్తయగు కూచిమంచి తిమ్మకవియు నిట్టి విషయములనే సంగ్రహించెను. ఒక ధ్వని సజీవముగా నున్నంతకాలము దానికిఁ బట్టిక యక్కఱలేదు. పట్టిక పుట్టినదనఁగానే ధ్వని పోయినదని గ్రహింపవలెను.

ఇరువదవశతాబ్దమున ముద్రణాలయములు ఱకారమును గ్రమముగా విడిచిపెట్టెను. 'వేఱు' నేఁడు 'వేరు' గానే యచ్చగుచున్నది. వాడుకభాషలో దీనివలన బాధ లేదు. సందర్భమే యర్థమును దెలుపును. కాని ప్రాచీనపద్యములను ఱకారము లేక ముద్రించినచో, కవి రెండవయక్షరమునఁ బాటించిన నియమము పాఠకునకు గోచరింపదు. ఱకారప్రాసమును గట్టి, దొరకుట కష్టమైన నాలుగుపదములను దెచ్చిన కవి శ్రమ సామాన్యరేఫప్రాసముగాఁ దోఁచును. అంతకంటె నష్టము మఱియొకటి కలదు. ఏ పద్యమున రేఫఱకారములు కలసిపోయినవో చూచి యది పూర్వకవులది కాదని నిర్ణయించుట పరిశోధకుల కొక సాధనము. అక్షరమును జెఱిపివేసిన ముద్రణము ఆ సాధనమును జెఱిపివేయుచున్నది.

అవధానమునందలి పదాన్వేషణము

పదాన్వేషణము సభారంగమునకెక్కినది యవధానమునందు. తెనాలి రామకృష్ణకవి పేర లోకమునఁ బ్రచారమునందున్న చాటుకథలలోఁ జిక్కుపదములతోఁ బ్రతివాదిని నోరుమూయించిన కథలు పెక్కులు కలవు. అవి చరిత్రములుగా నంగీకరింపఁదగినవి కావు; అయినను నీ విద్యయం దీ దేశపు జనులకుఁ గల మక్కువకు నవి సాక్ష్యములు. పాండురంగమాహాత్మ్యమును రచించిన కవి తెనాలి పేరును ధరించుట మాత్రము నిక్కము.

అష్టావధానమున మూఁడంశము లక్షరనియమమునకే చెందినవి. న్యస్తాక్షరియందుఁ బృచ్ఛకుఁడు ఫలానా పాదమున ఫలానాసంఖ్యగల యక్షరము ఫలానాది కావలెనని విధించును. నిషిద్ధాక్షరియం దవధాని యొక్కొక యక్షరమును బలుకఁగానే, తర్వాత రాఁదగిన యక్షరమును బృచ్ఛకుఁ డూహించి నిషేధించును. అవధాని 'క' యనఁగానే 'వి' వచ్చునని తలంచి నిషేధించినచో, అతఁడు 'మ' యని 'కమల' దిక్కునకు మరలును. అటుపై 'ల' నిషేధింపఁబడినచో 'నీ' యని 'కమనీయ' దిక్కునకుఁ బోవును. ఇందు వెదకవలసినది యున్న యక్షరమును బట్టి కాదు, లేకుండవలసిన యక్షరమును బట్టి. వ్యస్తాక్షరియం దొక వాక్యమునందలి యక్షరములను గ్రమము తప్పించి, సంఖ్యతోఁగూడ నొక్కొక్కటిగా నవధానమధ్యమున నందింతురు. తుద కవధాని యావాక్యమును సరియైన క్రమమునఁ జెప్పవలెను.

ఈ విద్యను ఆంధ్రదేశమంతటఁ బ్రచారమునకుఁ దెచ్చినవారు దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) యను జంటకవులు. నరసరావుపేట ప్రాంతమందలి కొప్పరమున జన్మించిన కొప్పరపు సోదరకవు లాశుకవిత్వమునఁ బ్రఖ్యాతి గాంచిరి. ఇరువదవశతాబ్దపు తొలిభాగమున నీ యుభయులకు నడుమ నడచిన వివాదమునకు గుంటూరుమండలము రంగమయ్యెను. తిరుపతివేంకటకవుల కృతులలోఁ దత్సంబంధమైనదానికి 'గుంటూరుసీమ' యను పేరే యున్నది. పదములను వేగముగా వెదకుటయే కవిత్వమా యను ప్రశ్న యట్టి వివాదములయందుఁ దప్పక పుట్టును. వేగము ధారణకు గుఱుతు. ధారణ యభ్యాసమునకు గుఱుతు. కవిత్వ మీ రెంటికిని లోఁబడినది కాదు. కాని యభ్యాసము లేని కవికిఁ బ్రాసస్థానమున మొదట దొరకిన పదమే గతి యగును. అభ్యాసము గలవానికిఁ బదింటిలో నొకటి నేర్పఱచుకొను స్వాతంత్ర్యము కలుగును. నియమము బంధించునది పదములు తక్కువగా నెఱిఁగినవానిని మాత్రమే.

శిథిలాక్షరములు – పూరణము

ఈ యన్వేషణమునకు మిక్కిలి గంభీరమైన ప్రయోజనము గ్రంథపరిష్కరణమునఁ గలదు. తాళపత్రమున నొకచోఁ బురుగు తినిన తావుండును. ఒకచో వ్రాయసకాఁడు విడిచిన యక్షర ముండును. గద్యమున నట్టి లోపమును బూరింప నాధారము తక్కువ. పద్యమున ఛందస్సు పోయిన యక్షరముల సంఖ్యను, గురులఘువులను దెలుపును. ప్రాసము రెండవయక్షరమును, యతి మొదటియక్షరపు వర్గమును దెలుపును. అద్దంకియందు దొరకిన పండరంగని శాసనము (848) తరువోజవృత్తమున నున్నది. ఱాతిపై వరుసగాఁ జెక్కిన యా పంక్తులలో వృత్తమును గుర్తించినపిమ్మట, పాదమెక్కడ ముగియునో, యతి యెక్కడఁ బడునో తేటపడును. తరువోజయందుఁ బాదమునకు మూఁడు యతిస్థానము లుండుటచేఁ జదువరికిఁ బట్టుకొమ్మలు పెక్కులు దొరకును.

అయిన నీ సాధనముయొక్క హద్దును గుర్తింపవలెను. ఒక యుత్పలమాలయందు మూఁడుపాదములలో 'ట్ట' ప్రాసముండి, నాలుగవపాదము మొదట రెండక్షరములు పురుగుచేఁ బోయి, మూఁడవయక్షరముగా 'ల' మాత్రము మిగిలినదని యనుకొందము. 'మెట్టల', 'గట్టుల', 'చెట్టుల', 'పుట్టల', 'బుట్టల', 'కట్టెల', 'పెట్టెల' యను నేడు పదములును గణమునకుఁ బ్రాసమునకు సరిపోవును. పదవయక్షరము 'కా' యని కనఁబడినచో యతినిబట్టి యైదు తొలఁగిపోవును. 'గట్టుల', 'కట్టెల' యను రెండు మిగులును. ఇంతవఱకు ఛందస్సు తోడ్పడినది. ఇఁక నది మూఁగ. గట్టు లున్న వర్ణనమా, కట్టెలు గల వర్ణనమా యనుట పద్యపు టర్థమును, వేఱొక ప్రతియును జెప్పవలెను. అవి రెండును మౌనము వహించినచోఁ బరిష్కర్తయు మౌనము వహించి, యచ్చట ఖాళీని జూపవలెను.

ఈ సంయమము లోపించుటచేతఁ బెక్కుగ్రంథముల కపకారము కలిగినది. ఛందోవిదుఁడగు పరిష్కర్త సరిపోవు పదమును బెట్టి, తాను బెట్టితినని చెప్పకున్నచోఁ దర్వాతివారు దానినే కవిప్రయోగముగా గ్రహింతురు. నిఘంటుకారుఁడు దాని నుదాహరణముగా నెత్తును. సరిపోవుట వేఱు, సత్యమగుట వేఱు. క్రీడయందు గడులలో సరిపడిన పదమే సరియైన పదము. చరిత్రమున నట్లు కాదు.

గడులును యంత్రములును

1913 తెలుఁగువారికి బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ జరిగిన సంవత్సరము. అదే సంవత్సరము డిసెంబరు 21వ తేదిని న్యూయార్కు వరల్డు పత్రికయం దార్థరు విన్ను కూర్చిన తొలి గడులప్రహేళిక వెలువడెను. ఈ రెంటికి సంబంధము లేదు. కాని తమ భాషకుఁ దగిన స్థానము కావలెనని బాపట్లలోఁ గూడినవారి సంతతి తర్వాతికాలమునఁ దెలుఁగుపత్రికలలో నీ క్రీడను దెలుఁగులోనే యాడుకొనుట గమనింపఁదగినది. శ్రీశ్రీ (1910–1983) పదబంధప్రహేళికలను గూర్చెను. ఆరుద్ర (1925–1998) యు నట్టి నుడికట్టులను గూర్చెను.

తెలుఁగున నీ క్రీడ యాంగ్లముకంటెఁ గఠినము. ఆంగ్లమున గడియం దుండఁదగినవి యిరువదియాఱక్షరములే. తెలుఁగున ముప్పదియైదు హల్లులకుఁ బండ్రెండేసి గుణింతములను మాత్రము గొన్నను 420 అగును. సంయుక్తాక్షరములు లెక్కకు వెలియే. అడ్డముగాను నిలువుగాను బోవు రెండుపదములు గలియు గడియందు హల్లే కాక యచ్చు గూడ నొక్కటి కావలెను. ప్రాసమున 'ట్ట', 'ట్టి', 'ట్టు' లకు మైత్రి కలదు, గడులలో లేదు. ఈ విషయమునఁ బత్రికాక్రీడ ఛందస్సును మించిన కఠినశాసని.

2021లో జోష్ వార్డిలు లోకమునకు విడుదలచేసిన వర్డిలను క్రీడ యైదక్షరముల పదము నాఱు ప్రయత్నములలోఁ గనుఁగొనవలెనని విధించి ప్రపంచమంతట వ్యాపించినది. ఇట్టి యన్వేషణమునకు నేఁడు కంప్యూటరుల సాయము సులభముగా దొరకును. తెలుఁగునకు మాత్ర మిచ్చటఁ బ్రాఁతప్రశ్నయే మరల నెదురగుచున్నది. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పునందే తెలుఁగులిపికి స్థానము దొరకినది. ఆ పద్ధతిలో హల్లునకొక సంకేతము, అచ్చుగుఱుతునకొక సంకేతము, పొల్లునకొక సంకేతము. ఛందస్సున నొక్క యక్షరమగు 'స్త్రీ' యచ్చట సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి యని యాఱు సంకేతము లగును. యంత్రమును 'మూఁడక్షరముల పదముల నిమ్ము' అని యడిగినచో, అక్షర మనఁగా నేదో దానికి ముందుగా నేర్పకున్న నది తప్పుపదముల నిచ్చును. భట్టిప్రోలులేఖకుఁడు హల్లును అచ్చును వేఱుచేసి చూపిన గీఁతయు, యంత్రశాస్త్రజ్ఞులు హల్లునకును గుణింతమునకును నిచ్చిన వేర్వేఱు సంకేతములును నొక్క ప్రశ్నకే చెప్పిన సమాధానములు.

ఱకారమునకును, అరసున్నకును యూనికోడునఁ బ్రత్యేకసంకేతములు కలవు. కావున వానిని నిలుపుకొనుట యంత్రమునకుఁ గష్టము కాదు. ప్రాచీనకావ్యములను యంత్రమున కెక్కించువారు సౌలభ్యమునకై 'వేఱు'ను 'వేరు'గా మార్చినచో, ఱకారముగల ప్రాసములను వెదకువానికి నది యెన్నటికిని దొరకదు. తాళపత్రమునుండి పురుగు తినినది ఛందస్సుచేఁ గొంత తిరిగి దొరకును. మనము తెలిసియే విడిచినది తిరిగి దొరకదు.

ఉపసంహారము

పై విచారణమువలన నేర్పడునవి మూఁడు. ఎంచవలసిన యక్షర మేదియను ప్రశ్నకు భట్టిప్రోలులేఖకుఁడును, ఛందశ్శాస్త్రజ్ఞుఁడును, యంత్రశాస్త్రజ్ఞుఁడును వేర్వేఱు సమాధానములు చెప్పిరి. తెలుఁగుపద్యమున కక్కఱకు వచ్చునది ఛందశ్శాస్త్రజ్ఞునిది. అక్షరసంఖ్యను, అంత్యాక్షరమును బట్టి పదములను గూర్చు మార్గమును సంస్కృతకోశకారులు చూపినను, తెలుఁగుప్రాసమునకు ముఖ్యమగు రెండవయక్షరపు క్రమమును మన ప్రసిద్ధనిఘంటువు లనుసరింపలేదు. ఆ భారమును గవుల ధారణ మోసినది. ఆ ధారణ తగ్గిన యీ కాలమున, ఱకారమును అరసున్నను బోఁగొట్టక, అక్షరవిభాగమును సరిగాఁ జేసి, రెండవయక్షరపు క్రమమునఁ దెలుఁగుపదముల నమర్చుట యంత్రములచే సుసాధ్యము. అట్టి కోశ మొకటి యేర్పడినచోఁ బద్యరచన నేర్చుకొను బాలునకును, శాసనమును జదువు పరిశోధకునకును సమానముగా నుపకరించును.

మూఁడవది వివేకమునకు సంబంధించినది. అక్షరనియమము పదములను వడగట్టునుగాని పదమును బుట్టింపదు. ఏడింటిని రెండు చేయును; రెండింటి నొక్కటి చేయుటకు నర్థజ్ఞానము కావలెను. అర్థమును సాక్ష్యమును లేనిచోట ఖాళీని ఖాళీగా నుంచుటయే పూర్వులయెడఁ జూపవలసిన గౌరవము.